చప్పుడు పడని ఇల్లు

తండ్రి పోశాలుకు నాలుగు ముద్దలు తినిపించాలి. జనగామలో ఆ రోజు పొద్దున సంగీత వేసుకున్న ప్లాను అంతే. తింటే సరే. తినకపోతే మధ్యాహ్నం కిరాయి కారెక్కించి ఆయనను వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి.

పోశాలు ఇల్లు భూపాలపల్లిలో, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గరలోనే. పైకప్పు రిపేరు నడుస్తోందని సంగీత ఆయనను తన దగ్గరికి తెచ్చుకుంది. ఇక్కడ దుమ్ముండదు, మోతుండదు, హాయిగా ఉంటాడని మురిసింది. వచ్చినప్పటి నుంచి ఆయన కంచం ముందు కూర్చోవడం, కాసేపు ఎదురుచూడడం, "ఆకలైతలేదు బిడ్డా" అని లేవడం. మనిషి సగమయ్యాడు. చూసిన డాక్టరు కారణం తోచక, పెద్ద చప్పుళ్లు మాత్రం పడనివ్వకండి అన్నాడు.

ఇక చూడాలి ఆ ఇంటి సంబరం. మిక్సీ బంద్. టీవీలో బొమ్మలే. కుక్కరు కూత పెడుతుందని గిన్నెలో వండితే అన్నం అడుగంటింది. అల్లుడు యుగేందర్‌కు తుమ్ము వస్తే గల్లీ చివరిదాకా ఉరికి, అక్కడ తుమ్మి వచ్చేవాడు.

ఈ మర్యాద కోతులకు బాగా నచ్చింది. ఆ పొద్దున గుంపుగా దాబా మీదికి దిగి, ఎండబోసిన పల్లీలు బుక్కసాగాయి. యుగేందర్ నోరెత్తకుండా తువ్వాల ఊపాడు. పెద్ద కోతి ఆ తువ్వాలనే గుంజుకుంది.

"పళ్లెం కొడితే పోతయిగా" అన్నాడతను గుసగుసగా.

"కొట్టు. బాపుకేమన్నయితే నీదే పూచీ" అంది సంగీత. అతను పళ్లెం కింద పెట్టాడు, అదీ మెల్లగా.

పక్కింటి ఎల్లేశ్‌కు ఇదంతా చూసి జాలేసింది. నర్మెట్టలో అతనికి మక్కచేను ఉంది, చేనుకు కోతుల బెడద ఉంది, దానికి ప్లాస్టిక్ పైపుతో చేసిన తుపాకీ ఉంది. అందులో కార్బైడ్ ముక్కకు నీళ్లు తగిలితే గ్యాస్ పుడుతుంది. లైటర్ నొక్కితే అది ఒక్కసారిగా మండి, వేడికి ఉబ్బి, పైపులో చోటు చాలక బయటికి దూకుతుంది. ఆ దూకడమే మోత.

తుపాకీతో వచ్చిన ఎల్లేశ్‌ను చూసి యుగేందర్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. అరవలేడు కదా. వద్దని చేతులు అడ్డంగా ఊపాడు. సరిపోదంటున్నాడనుకుని ఎల్లేశ్ ఇంకో ముక్క వేశాడు. యుగేందర్ చెవులు మూసి చూపించి, ఇంట్లోకి వేలు చూపాడు.

"చెవులు మూసుకొని లోపటికి పోవాల్నా? నాకు అలవాటే అన్నా" అని ఎల్లేశ్ లైటర్ నొక్కాడు.

ధన్‌మంది. కోతులు మాయమయ్యాయి. వీధిలో ఒకరు సిలిండర్ పేలిందన్నారు, ఒకరు ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు. కబురు గల్లీ చివరికి చేరేసరికి పోశాలు పోయాడన్నారు. సంగీత పెరట్లో ఆరేస్తున్న చీర పారేసి గదిలోకి ఉరికింది. మంచం ఖాళీగా ఉంది.

"అన్నం పెట్టు బిడ్డా." వంటింట్లోంచి గొంతు వినిపించింది. పోశాలు చేతులు కడుక్కుని, పీట వేసుకుని కూర్చున్నాడు.

"నీకు భయం కాలేదా బాపూ?"

"భయమెందుకు? మా కాడ పగటిపూట గనిల బ్లాస్టింగ్ అయినంకనే తింటం. ఏండ్ల సంది గదే అలవాటు. గది కాకుంటె నాకు పొద్దెక్కినట్టే అనిపియ్యది. మీ ఊళ్లె ఎందుకు కొడ్తలేరో అని రోజూ సూస్తనే ఉన్న."

అడుగంటిన అన్నమే పెట్టింది సంగీత. ఆయన నాలుగు ముద్దలు దాటి, మారు వడ్డించమన్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గుండె మీది బండ దిగినట్టయింది. యుగేందర్ కారును వెనక్కి పంపించేశాడు.

ఎల్లేశ్ తల వంచుకుని గడప దగ్గర నిలబడ్డాడు. "తప్పయింది పెద్దయ్యా."

"తప్పేం లేదు కొడుకా. రేపు జర జల్ది కొట్టు, ఆకలైతది" అన్నాడు పోశాలు.

పరామర్శకని పూలదండతో వచ్చిన పెద్దమనిషి కాసేపు అటూ ఇటూ చూసి, దాన్ని తుపాకీకి వేసి వెళ్లిపోయాడు.