ఎవరిదీ కాని ఒడ్డు

మొయినాబాదుకు, చేవెళ్లకు నడుమనున్న ఒక ఊరికి 1939వ సంవత్సరం ఎండాకాలంలో శుభవార్త అందింది. బాలప్ప డప్పు కొట్టి ఆ వార్తను వాడవాడకూ చేరవేశాడు. దొరవారు వానకాలం వెళ్లగానే ఓడనెక్కి ఫ్రాన్సు దేశపు దక్షిణపు ఒడ్డుకు పోతున్నారనీ, అక్కడ సముద్రం పక్కన ఒక నెల ఏమీ చేయకుండా ఉంటారనీ, అందుకు కావలసిన కష్టమంతా ఊరివారు పడవలెననీ దాని సారాంశం.

ఏమీ చేయకుండా ఉండడం దొరవారికి కొత్త కాదు. ఆ విద్య వారికి తాతల నాటినుంచి వస్తున్నది. అయితే ఇక్కడ ఊరికే ఉండడం వేరు, అక్కడ ఊరికే ఉండడం వేరు. అక్కడ దానికొక పద్ధతి ఉన్నది, పొద్దుటినుంచి మాపటిదాకా ఒక కార్యక్రమం ఉన్నది, ప్రత్యేకమైన దుస్తులున్నాయి. ఇవన్నీ వివరిస్తూ బొంబాయి ఓడల కంపెనీవారొకరు ఇంగ్లీషులో చిన్న పుస్తకం పంపారు. దొరవారి గడీలో ఉర్దూ చదివేవారున్నారు. తెలుగు చదివేవారు కూడా వెతికితే దొరుకుతారు. ఇంగ్లీషు చదవగలవాడు ఊరు మొత్తానికీ ఒక్కడే, స్వామిదాసు.

స్వామిదాసు ఊళ్లో సేద్యం చేసుకునే పేతురు కొడుకు. మిషను బడిలో చదువుకొని, వంశంలో మొదటిసారి మెట్రిక్ గట్టెక్కినవాడు. అబద్ధమాడకూడదనీ, అడిగిన ప్రశ్నకు పూర్తి వాక్యంలో జవాబు చెప్పవలెననీ బడిలో నేర్చుకున్నాడు. నిజం చెప్పేవాణ్ణి లోకం ఎట్లాగో ఓర్చుకుంటుంది. పూర్తి వాక్యాలవల్లనే ఈ కథ నడిచింది.

పిలుపు రాగానే అతడు గడీకి వెళ్లి, చెప్పులు దర్వాజ బయట విడిచి, ఉయ్యాల బల్లకు తగినంత దూరంలో నిలబడి మొదటి పేజీ చదివాడు.

“పొద్దున లేచి, ఇసుకమీద, ఎండల పండుకోవాలె దొరా.”

దొరవారు ఉయ్యాల ఆపారు. “ఎవలు? మన నౌకర్లా?”

“మీరే దొరా.”

“మేమెందుకు పండుకోవాలె?”

“ఒళ్లు నల్లబడనీకి దొరా. తెల్లోళ్లు గందుకే పోతరని రాసిన్రు.”

వెట్టికి రానివారిని, వచ్చినా ఆలస్యంగా వచ్చినవారిని ఎండలో నిలబెట్టి మెడమీద రాయి పెట్టడం ఆ గడీ ఆచారం. ఆ శిక్షను ఓడ కిరాయి పెట్టుకొని పోయి అనుభవించే దేశం ఒకటున్నదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. గడీ గుమాస్తా కృష్ణయ్య ముందుగా తేరుకొని, “పెద్దోళ్ల దేశం దొరా, అన్ని పెద్ద పద్ధతులే ఉంటయి,” అన్నాడు.

ఈ సంగతి మాపటికల్లా ఊరంతా పాకింది. కల్లం ఊడుస్తున్న పెంటమ్మకు అది వేరే విధంగా చేరింది.

“పాపం, ఏం తప్పు జేసిండే దొర?” అని ఆమె కరుణమ్మను అడిగింది. “సీమల గూడ ఎండకేస్తున్నరట గద!”

“తప్పు గాదు అవ్వా. నల్లబడనీకట. మా దాసు చదివిండు,” అన్నది స్వామిదాసు తల్లి కరుణమ్మ, కొంచెం గర్వంగానే.

“నల్లబడనీకి గంత దూరమెందుకు బిడ్డా? మా ఎంబడి కలుపు తీయనీకొస్తే అయిపాయె. రైలు గూడ ఎక్కే పని లేదు.”

పెంటమ్మకు చదువు లేదు కనుక ఆమె మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

అలవాటు లేని పని పరాయి దేశంలో మొదలుపెడితే ఇజ్జత్ పోతుందని దొరవారికి తోచింది. కనుక ముందు ఇక్కడనే మష్కు చేయవలెనని, అంటే వచ్చిందాకా రోజూ చేసి చూసుకోవలెనని హుకుం అయింది. మష్కుకు ఒక ఒడ్డు కావాలి. ఎదుట నీళ్లుండాలి, నేల నీళ్లవైపు వాలి ఉండాలి, ఇసుక తెచ్చి పోయించుకోవచ్చు. కృష్ణయ్య ఊరంతా తిరిగి, హిమాయత్ సాగర్ జలాశయం నీళ్లు వచ్చి ఆగేచోట సరిగ్గా అటువంటి నేల కనిపెట్టాడు. అది పేతురు చెల్క, వానమీద పండే మెట్ట చేను. పేతురు తండ్రి రాళ్లేరి, తుమ్మలు కొట్టి చేసిన చెల్క. ఆ ఇంటికి అదొక్కటే ఆధారం.

పేతురు తుండుగుడ్డ నడుముకు చుట్టుకొని గడీముందు నిలబడ్డాడు. “బాంచెన్ దొరా, మిరుగం కార్తె వాన పడితే జొన్న ఎయ్యాలె. అది దప్పితే ఏడాదంత తిండికి లేదు.”

“మిరుగం లోపల నీ చెల్క నీకే,” అని దొరవారు నలుగురి ముందు మాట ఇచ్చారు. “ఇసుక గూడ మేమే ఎత్తిపిస్తం. మీ పిలగాడు మా పనిల ఉన్నడు గద, నీకేం ఫికర్?”

పేతురు కొడుకు వంక చూశాడు. కొడుకు తల ఊపాడు. చదువుకున్నవాడు తల ఊపిన తరువాత చదువులేనివాడు అనుమానపడడం మర్యాద కాదు.

ఊళ్లోని బండ్లన్నీ ఈసీ వాగుకు కదిలాయి. ఎద్దులున్నవారు ఎద్దులతో, లేనివారు గంపలతో ఇసుక మోశారు. ఫ్రాన్సు ఒడ్డు తెల్లగా ఉంటుందని స్వామిదాసు పూర్తి వాక్యంలో చెప్పడంవల్ల ఇసుకను జల్లెడ పట్టవలసి వచ్చింది. జల్లించిన ఇసుకలో మెత్తదనం చాలదని మరొకసారి పట్టారు. ఆడవాళ్లు కూలి పనులు మానుకొని, గడ్డిపరకలూ గవ్వలూ ఏరారు. గవ్వలుండవలెనని పుస్తకంలో తరువాతి పేజీలో ఉన్నది. అందుచేత ఏరిన గవ్వలను మళ్లీ చల్లారు.

తరువాత నూనె వచ్చింది. ఆ దేశంలో పండుకునేముందు ఏదో చెట్టు కాయల నూనె ఒంటికి పూసుకుంటారు. ఆ కాయ ఎట్లుంటుందని దొరవారు అడిగారు. స్వామిదాసు దాన్ని చూడలేదు. చూడలేదని చెప్పి ఊరుకోక, “మన ఆముదం లాంటిదే కావొచ్చు దొరా,” అన్నాడు. ఆ సాయంత్రమే ఇంటింటి ఆముదం కుండా గడీ చేరింది. ఆ వారం ఊరు దీపాలు లేకుండా చీకట్లో తిన్నది.

మొదటి రోజు దొరవారు చిన్న చెడ్డీ ఒకటి తొడుక్కొని, ఆముదం పూసుకొని, ఇసుకమీద పండుకున్నారు. గోచి పెట్టుకొని దున్నేవానికి అనాగరికుడని పేరు. గోచిపాటి గుడ్డతో పండుకునేవానికి విహారి అని పేరు. ఈ భేదం ఊరివారికి తెలియక నోరు తెరిచి చూడబోతుండగా, తలలు దించవలెనని కృష్ణయ్య గద్దించాడు. చీమలు వచ్చాయి, ఈగలు వచ్చాయి. ఎండ గడీ హుకుం తెలియనట్టుగా కాచింది. మధ్యాహ్నానికి దొరవారి వీపు పొరలు పొరలుగా లేచింది. పట్నం దవాఖానకు మనిషి పరుగెత్తాడు. అయినా దీనిని వైఫల్యమని ఎవరూ అనుకోలేదు. ఫ్రాన్సులో వారం పట్టే పనిని మన ఎండ ఒక్కపూటలో చేసిందని కృష్ణయ్య దేశాభిమానంతో ప్రకటించాడు.

వీపు మానిన తరువాత మిగిలిన కార్యక్రమం సాగింది. చేపలుపట్టే అంతయ్య పుట్టిలో దొరవారు జలవిహారం చేశారు. పుట్టి గుండ్రంగా ఉంటుంది కనుక అది ఉన్నచోటనే గిరగిర తిరిగింది. దిగిన తరువాత కూడా దొరవారు కొంతసేపు విహరిస్తూనే ఉన్నారు. సాయంత్రం ఒడ్డువెంట జనం పనిలేకుండా నడుస్తూండాలని ఉన్నది. ఊరివారికి నడవడం వచ్చు గాని పనిలేకుండా రాదు. ఒకడు లేగదూడను వెతుకుతున్నట్టు నడిచాడు, ఒకడు కొడవలి పట్టుకొని నడిచాడు. ఇసుకమీద అందరూ ఒట్టికాళ్లతో నడుస్తారని స్వామిదాసు చదివినప్పుడు మాత్రం గడీవారికి ఎంతో సంతోషం కలిగింది. దొర ఎదుట చెప్పులు విడవడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న మర్యాదే. ఫ్రాన్సు మన దగ్గరనే నేర్చుకొని ఉంటుందని తీర్మానమైంది.

చిక్కు ఒక్కచోట వచ్చింది. అక్కడ ఒడ్డునిండా వందలమంది పక్కపక్కన పండుకొని ఉంటారు. ఒంటరిగా పండుకుంటే అది మష్కు కాదు. కాని దొర ఎదుట ఊరివాడు కూర్చోవడమే నేరం. ఇక పండుకోవడమెట్లా? ఈ ప్రశ్నమీద గడీ రెండు పూటలు ఆలోచించింది. చివరకు కృష్ణయ్య దారి కనిపెట్టాడు. జనం నిలబడే ఉంటారు. కళ్లు మూసుకుంటారు. కళ్లు మూసుకున్నవారిని పండుకున్నట్టుగా లెక్కిస్తారు. పూర్వం గడీ ముంగిట ఎండలో నిలబడేవారినే ఇక్కడికి మళ్లించడంతో జనం కొరత కూడా తీరింది. రాళ్లు కూడా తీసేశారు. విహారానికి వచ్చినవారి మెడమీద రాయి ఉండడం చూడ్డానికి బాగుండదు.

“రాయి తీసిన్రు గద, అదే సుఖం,” అని నిలబడి పండుకున్నవాళ్లలో ఒకడైన హన్మయ్య పక్కవానితో అన్నాడు. “మాట్లాడకు, నువ్వు నిద్రల ఉన్నవు,” అన్నాడు పక్కవాడు.

ఇంతలో పడమట మబ్బు కనబడింది. మిరుగం రేపో మాపో అన్నట్టున్నది. కరుణమ్మ విత్తనపు జొన్నలు చెరిగి సంచిలో పోసింది. పేతురు కొడుకును పక్కకు పిలిచి, “బిడ్డా, మాటిచ్చిండు గద. నువ్వడిగితే కాదనడు. జర మంచి పూట చూసి అడుగు,” అన్నాడు.

స్వామిదాసు మంచి పూట కోసం కాచుకొని కూర్చున్నాడు. మర్నాడు దొరవారు ప్రసన్నంగా ఉన్న సమయంలో అతడు నోరు తెరవబోయాడు. అంతకుముందే దొరవారికి ఒక అనుమానం వచ్చింది.

“దాసూ, గా ఫ్రాన్సు ఒడ్డు ఎవని జాగీరు? ఇంకో దొర జాగల పోయి మేం పండుకుంటే మా ఇజ్జత్ ఏం గావాలె?”

ధైర్యం చెప్పే అవకాశం దొరికినందుకు స్వామిదాసు సంతోషించాడు. పుస్తకంలో ఆ వాక్యం ఉన్నది కూడాను. “ఫికర్ లేదు దొరా. ఒడ్డు ఎవరిది గాదు. అది అందరిది. ఎవరన్న రావొచ్చు, పండుకోవచ్చు.”

“ఎవరిది గాదా?” అన్నాడు కృష్ణయ్య వెనుకనుంచి, మెల్లగా.

“ఎవరిది గాదు.”

ఎవరిదీ కానిది గడీది. ఈ సూత్రం ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. తప్పిపోయి వచ్చిన ఆవు, గాలికి పడిన చెట్టు, వారసులు లేని విధవ ఇల్లు, అన్నీ అట్లనే గడీలో చేరాయి. కృష్ణయ్య చేతులు కట్టుకొని విన్నవించాడు. అన్నీ అక్కడున్నట్టే ఇక్కడ ఉండవలెనని హుకుం అయినది. ఇక్కడున్నది చెల్క కాదు, ఒడ్డు. ఒడ్డు ఎవరిదీ కాదని ఇంగ్లీషు పుస్తకమే చెప్పింది, చదివినవాడు పేతురు కొడుకే. ఇక సాక్ష్యమెందుకు?

“అది మా బాపు చెల్క దొరా,” అన్నాడు స్వామిదాసు. ఆ వాక్యం కూడా పూర్తి వాక్యమే. కాని పుస్తకంలో లేదు.

ఆ సాయంత్రమే మిరుగం పడింది. వాన ఇసుకలో ఇంకింది. సగం ఇసుక సాగర్‌లోకి కొట్టుకుపోగా, బండ్లు మళ్లీ వాగుకు కదిలాయి. ఊళ్లో ఎవరి చెల్కలోనూ ఆ ఏడు అదనులో విత్తు పడలేదు. పేతురు చెల్కలో అసలే పడలేదు.

భాద్రపదంలో గడీలోని రేడియో యూరోపులో యుద్ధం మొదలైందని చెప్పింది. దొరవారు ఒడ్డుమీద సభ చేయించి, నిలబడి పండుకున్నవారి నుద్దేశించి ఉపన్యసించారు.

“ప్రజలారా! యూరోపుల లడాయి షురూ అయింది. ఆ లడాయికి మేం మా విహారయాత్రను కుర్బానీ చేస్తున్నం. లోకంల లక్షలమంది ప్రాణాలిస్తున్నరు, మేం మా టికెట్ ఇస్తున్నం. ఎవల శక్తికి తగ్గది వాళ్లియ్యాలె. ఇగ ఫ్రాన్సు మనకొద్దు. మన ఒడ్డు మనకున్నది. ఇది కాయంగ, ఎప్పటికీ ఉంటది!”

చప్పట్లు మోగాయి. కళ్లు మూసుకున్నవారు కూడా కొట్టారు. అదే సభలో స్వామిదాసు ఒడ్డుకు సెక్రటరీగా నియమితుడైనాడు. ఎర్రగుడ్డ పట్టీమీద ఇత్తడి బిళ్ల కుట్టి భుజాన వేశారు. ఆ వంశంలో మొదటి నౌకరీ అది. కరుణమ్మ ఏడ్చింది. సంతోషంవల్లనని అందరూ అనుకున్నారు. సంబంధంలేనివారిని ఒడ్డుమీదికి రానివ్వకపోవడం సెక్రటరీ మొదటి విధి.

మూడోనాడు పొద్దున్నే పేతురు వచ్చాడు. చంకలో విత్తనాల సంచి, భుజాన పార. మిరుగం పోతే పోయింది, యాసంగి పంటకైనా ఒక మూల ఇసుక తీసి నాలుగు సాళ్లు వేసుకుందామని వచ్చాడు.

“బాపూ, ఇటు రావొద్దు.”

“ఎందుకు బిడ్డా?”

“హుకుం.”

పేతురు కొడుకు భుజంమీది బిళ్లను చూశాడు. ఇసుకను చూశాడు. “దొరతోని ఏమన్నవు బిడ్డా, ఈ జాగ ఎవరిదన్నవు?”

“ఎవరిది గాదన్న బాపూ. అందరిది అన్న. పుస్తకంల అట్లనే ఉన్నది.”

“అందరిది అన్నవు గద,” అన్నాడు పేతురు. “ఆ అందర్ల నేను లేనా?”

స్వామిదాసు పూర్తి వాక్యం కోసం వెతికాడు. జీవితంలో మొదటిసారి అది దొరకలేదు. “జర చెప్పులు ఇడువు బాపూ,” అన్నాడు, “కృష్ణయ్య సారు వస్తుండు.”

పేతురు చెప్పులు విడిచాడు.

ఇప్పుడు ఆదివారాలు పట్నంనుంచి పెద్దమనుషులు మోటార్లలో వచ్చి, మన పల్లెలు కూడా నాగరికతలో పడుతున్నాయని మెచ్చుకొని పోతున్నారు. ఈ కథ చదవగలిగినవారు ఎవరైనా రావచ్చు. సెక్రటరీ ఆపడు. మీరు అందరిలోని వారే. ఒడ్డు నిండుగా కనబడడానికి నిలబడి పండుకునేవారి ఏర్పాటు కూడా ఉన్నది. అందులో చంకలో సంచి పెట్టుకున్న ముసలివాడొకడున్నాడు. ఎంత చెప్పినా కళ్లు మూసుకోడు, ఇసుకవైపే చూస్తుంటాడు. మీరు పండుకునేటప్పుడు ఆ చూపు ఇబ్బందిగా ఉంటే, అటు తిరిగి పండుకొనగలరు.