చెక్కగోడ వెనకాల కంప్యూటర్

పెళ్లానికి తెలియకుండా కంప్యూటర్ అయిపోయిన మగాడు వనపర్తి మొత్తంలో ఏసురత్నం ఒక్కడే.

అసలు అతను డీటీపీ ఆపరేటర్. పెళ్లి పత్రికలు, సంతాప కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు తెలుగులో టైపు కొట్టడం అతని పని. వేళ్లు ఇప్పటికీ గుర్రాల్లా పరుగెత్తేవి. కళ్లే ఈమధ్య వాటిని అందుకోలేక వెనకబడ్డాయి. తెర మీద వ, మ, ప మూడూ ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల్లా కనబడేవి. ఆ మధ్య ఒక పత్రికలో వధువు కాస్తా ‘మధువు’ అయింది, వరుడు ‘మరుడు’ అయ్యాడు.

పెళ్లివారు దుకాణం మీదికొస్తే, “మరుడంటె మన్మథుడు! పిలగాన్ని పొగిడిన, తిట్టలే” అని దబాయించి పంపాడు. మధువు సంగతి వాళ్లూ ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు.

రెండువేల ఎనిమిదో సంవత్సరంలో ఆ దుకాణం మీది గదిలోకి హైదరాబాదు యూనివర్సిటీ నుంచి గజాలా అనే పరిశోధకురాలు దిగింది. తల్లిది గద్వాల కాబట్టి మాట కలిసింది. టైపు వచ్చిన మనిషి కావాలంటే దుకాణం యజమాని ఏసురత్నాన్ని చూపించాడు.

“మామూలు జనం కంప్యూటర్‌తోని మాట్లాడితే ఎట్ల మాట్లాడుతరు, ఏమడుగుతరు, ఎంత నమ్ముతరు, అది చూడాలన్నా” అంది గజాలా. “మన మాట అర్థం చేసుకునే కంప్యూటర్ ఇంక తయారు కాలే. అందుకని దాని లోపట మనిషిని కూసోబెడతం.”

“లోపటనా? పడ్తనా మేడం?” అన్నాడు ఏసురత్నం తన పొట్టకేసి చూసుకుంటూ.

లోపల అంటే చెక్కగోడ వెనకాల. ఇవతల ఆడవాళ్లు మైకులో ఆరోగ్యం గురించి ఏదో అడుగుతారు. అవతల ఏసురత్నం ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని వింటాడు. డాక్టర్లు రాసిచ్చిన పుస్తకంలోంచి జవాబు టైపు కొడితే కంప్యూటర్ మరగొంతుతో చదువుతుంది. ఒక్కొక్కరూ రెండేసిసార్లు వస్తారు. అంతా అయ్యాక గజాలాయే వాళ్లకు నిజం చెప్పేస్తుంది. అప్పటిదాకా మాత్రం నోరు విప్పకూడదు.

ఆ రాత్రి అన్నం పెడుతూ భార్య కాంతమ్మే కదిపింది.

“మీ దుకాణం మీద మాట్లాడే కంప్యూటర్ వచ్చిందంట. మా మహిళా సంఘపోల్లను రమ్మన్నరు. ఎసుంటిది అది?”

“మస్తు తెలివైంది.”

“నీకంటెనా?”

“ఇంచుమించు నా అంత.”

“గంతేనా!” అంది కాంతమ్మ నిరాశగా.

ఏసురత్నం బుర్రలో అప్పుడే పథకం మొలిచింది. ఆదివారం చర్చినుంచి రాగానే కాంతమ్మ అతనికి నీళ్లు తోడే పనో, జొన్నలు ఎండబోసే పనో చెబుతుంది. కూరేమో పచ్చిపులుసు. భర్త చెబితే వినదు. కంప్యూటర్ చెబితే? ఆదివారం చేపలు, ఆపైన కమ్మటి నిద్ర! వచ్చేవాళ్లలో తన భార్య కూడా ఉందని గజాలాకు చెప్పాల్సిన మాట అతను పచ్చిపులుసుతో పాటు మింగేశాడు.

మర్నాడు కాంతమ్మ వచ్చి మైకు ముందు కూర్చుంది. ఒంటరిగా ఉంటే ధైర్యంగా మాట్లాడుతుందని గజాలా బయటికి వెళ్లింది.

“నమస్తే కంప్యూటర్ సారూ. తిన్నవా?”

ఏసురత్నం వేళ్లు అలవాటుకొద్దీ ‘తిన్నాను’ అని కొట్టేశాయి.

“ఏం తిన్నవ్?”

పొద్దున ఆమె కట్టిచ్చిన డబ్బాయే గుర్తొచ్చింది. “మచ్చిములుసు” అని చదివింది కంప్యూటర్.

కాంతమ్మ చెక్కగోడకేసి ఒకసారి తేరిపార చూసింది. తర్వాత గొంతు సవరించుకుంది. “సారూ, మా ఆయనకు పొద్దుగూకితే నెత్తినొప్పి లేస్తది. ఏంటికి లేస్తదో తెల్వదు. ఏం చెయ్యాలె?”

ఏసురత్నం ప్రశ్న సగమే విన్నాడు. జవాబు ముందే సిద్ధంగా ఉంది కదా. ‘ఆదివారం భర్తకు చేపలు పెట్టండి. పని చెప్పకండి’ అని టకటకా కొట్టాడు. ఆ తొందరలో ఏత్వం ఎత్వమైంది, ప కింద ఎక్కడిదో కొమ్ము వచ్చి చేరింది.

“ఆదివారం భర్తకు చెపులు పెట్టండి. మని చెప్పకండి.”

“చెప్పులా?” అంది కాంతమ్మ. “ఎన్ని పెట్టాలె సారూ? జత సరిపోతదా?”

దిద్దుకుందామని ఏసురత్నం నాలుగు మీటలు ఒకేసారి నొక్కాడు. కంప్యూటర్ ‘వవవమ’ అని మూలిగి ఊరుకుంది.

“సరె, జతే పెడత” అని కాంతమ్మ లేచింది.

సాయంత్రం జవాబులు చూస్తున్న గజాలా నొసలు చిట్లించింది. “అన్నా, చెప్పులు మన పుస్తకంల లేవు కద?”

“ఈడి వైద్యం మేడం” అన్నాడు ఏసురత్నం కిందికి చూస్తూ.

ఆదివారం చర్చినుంచి వచ్చి అతను పీట మీద కూర్చున్నాడు. కంచంలో పచ్చిపులుసు. పక్కన ఇంకో కంచంలో శుభ్రంగా కడిగిన చెప్పుల జత.

“ఇదేందే?”

“నాదేం లేదు, కంప్యూటర్ చెప్పింది. ఏది ముందు తింటవ్, కుడిదా ఎడమదా?”

“చేపలు అన్నదేమో! నీకే సరిగ్గ వినరాలే.”

“నువ్వెట్ల విన్నవ్ మరి?”

ఏసురత్నానికి పచ్చిపులుసు పొలమారింది. ఆమె నెత్తిమీద తట్టి నీళ్లందించింది. అన్నం తిన్నాక జొన్నలు ఎండబోయించింది.

మరుసటి వారం కాంతమ్మ రెండోసారి రావాల్సిన రోజు. ఏసురత్నం ఈసారి చేపల మాట పదిసార్లు సాధన చేసుకుని చెక్కగోడ వెనక కూర్చున్నాడు. కాంతమ్మ వచ్చింది. ఈసారి తిన్నవా అని అడగలేదు.

“సారూ, ఒక మాట అడుగుత. నవ్వొద్దు. మా ఆయన చర్చిల బైబిల్ చదువుతడు. ఇదివరకు మంచిగ చదివెటోడు. ఇప్పుడు ముందురోజే నాతోని చదివించుకొని, విని, బట్టీ పెడుతుండు. మొన్న పుస్తకం తలకిందులుగ పట్టుకొని చదివిండు. ఎవ్వరు చూడలే. నేను చూసిన.”

ఏసురత్నం చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

“కండ్లద్దాలు పెట్టుకో అంటె కోపం జేస్తడు. అది కోపం కాదు సారూ, భయం. అద్దాలు జూస్తె దుకాణం సేటు ‘ముసలోడైండు’ అని ఇంకొకర్ని పెట్టుకుంటడేమోనని. రాత్రి నెత్తి పట్టుకొని కూసుంటడు, అడిగితె ఎండదెబ్బ అంటడు. నేను గట్టిగ చెప్తె మనసు నొచ్చుకుంటడు. చెప్పకపోతె నాకు నిద్ర వడ్తలేదు. ఏం జెయ్యాలె? నువ్వెట్ల చెప్తె గట్ల జేస్త.”

చెక్కగోడ అవతల ఏసురత్నానికి తెర అసలే కనబడదు, ఇప్పుడు కళ్లలో నీళ్లు నిండి మరీ కనబడలేదు. చేపలు ఎటు ఈదిపోయాయో! ఏసురత్నం ముక్కు తెరకు ఆనించి, ఒక్కొక్క అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టాడు.

“ఆయన్ని తిట్టకండి. దవాఖానకు మెంట తీసుకుపోండి. ఆయన వస్తాడు.”

“మెంట తీసుకపోవుడేంది సారూ?”

కాసేపు ఆగి కంప్యూటర్ అంది: “వెంట.”

“ఎప్పుడొస్తడు?”

“రేపు.”

“మాట తప్పడు కద?”

“తప్పడు.”

కాంతమ్మ కొంగుతో కళ్లద్దుకుని, మైకుకు దండం పెట్టింది.

గజాలా లోపలికి వచ్చింది. పద్ధతి ప్రకారం ఇప్పుడు నిజం చెప్పాలి. పాపం ఆ పిల్లకు చెమటలు పట్టాయి. “అక్కా, ఏమనుకోవద్దు. మీరు మాట్లాడింది కంప్యూటర్‌తోని కాదు. చెక్కగోడ వెనక ఒక మనిషి ఉన్నడు.”

“తెలుసమ్మా” అంది కాంతమ్మ. “మొదటిరోజు ఆ మనిషికి పొద్దుపొద్దున పచ్చిపులుసు డబ్బా కట్టిచ్చింది నేనే.”

గజాలాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక చెక్కగోడ తలుపు తీసింది. ఏసురత్నం చెవులకు తగిలించుకున్నవి తీయడం కూడా మరిచి, తప్పు చేసిన బడిపిల్లాడిలా లేచి నిలబడ్డాడు.

“ఏందన్నా ఇది? మీ ఇంటామె అని నాకు ముందే చెప్పాలె గద!”

“చెప్పాలె మేడం. చేపల మీద ఆశతోని చెప్పలే.”

“నా పరిశోధన అంత ఆగమాయె” అంది గజాలా కుర్చీలో కూలబడి. “అక్కా, మొదటిరోజే తెలిస్తే మళ్లెందుకు వచ్చిండ్రు?”

కాంతమ్మ భర్తవైపు చూడకుండా చెప్పింది. “ఇంట్ల నేను ఏం మాట్లాడినా ‘ఊ’ అంటడు. ఇల్లు కాలుతుందన్నా ‘ఊ’ నే. ఈడనైతె నేను చెప్పేది అయిపోయేదాంక ఆగి, ఆలోచన జేసి జవాబు ఇస్తడు గద. మొగుడు గింత బుద్ధిగ వింటడంటె, మొగుడైతేంది, కంప్యూటరైతేంది? వచ్చిన.”

గజాలా కలం తీసింది. “మీ ముచ్చట నా పరిశోధన లెక్కల వెయ్యనీకె రాదక్కా. ఈ ఒక్క మాట రాసుకోనా?”

“రాసుకో. పేరు మాత్రం వెయ్యకు. మా ఆయనకు సిగ్గు.”

మర్నాడు ఏసురత్నం వెంట వచ్చాడు. కంప్యూటర్ మాటిచ్చాక మనిషి తప్పలేడు కదా! దవాఖానలో పరీక్ష చేసి రాసిచ్చారు. బజారులో అద్దాలు పెట్టించుకుని అతను మొట్టమొదట చూసింది గోడమీది అక్షరాల అట్టను కాదు, ఎదురుగా నిలబడ్డ భార్యను.

“ఏందయ్యా గట్ల చూస్తవ్, కొత్త మనిషిని చూసినట్టు?”

“నీ చెయ్యి గిట్ల ఎప్పుడు కాలింది?”

కాంతమ్మ మణికట్టు మీది మచ్చను కొంగుతో కప్పుకుంది. “పోయిన నెల. రొట్టెల పెనం తగిలింది. చెప్పిన గద, నువ్వు ‘ఊ’ అన్నవ్.”

ఏసురత్నం తల దించుకున్నాడు. “మళ్ల చెప్పు. మొత్తం చెప్పు.”

ఆమె చెప్పసాగింది. పెనం నుంచి పిండిగిర్నీకి, గిర్నీ నుంచి పక్కింటి మణెమ్మ కోడలికి, కోడలి నుంచి పెబ్బేరు సంతలో తన తమ్ముడు కొన్న ఎడ్లకు పోయింది కథ. ఏసురత్నం నోరు మెదపకుండా, అడుగడుగునా ఆమె ముఖంలోకి చూస్తూ, ఎదురొచ్చే సైకిళ్లకు తగులుకుంటూ నడిచాడు.

సందు మలుపులో కాంతమ్మ టక్కున ఆగింది.

“ఏమయ్యా, జర మధ్యమధ్యల ‘ఊ’ అను. గింత సప్పుడు లేకుంట వింటె నాకే భయమైతుంది.”

“ఊ” అన్నాడు ఏసురత్నం.