ఇలాగే ఉంచనా?

నా చేతులకేసి అలా చూడకండి. ఇది రోగం కాదు, ఆకుపచ్చ పెయింటు. టర్పెంటైనుతో కడిగాను, కిరసనాయిలుతో కడిగాను, చివరికి మా ఆవిడ రాడ్కా గిన్నెలు తోముకునే పీచుతో కూడా తోమాను. పీచు పాడైపోయిందని తిట్టింది గానీ, నా చేతుల గురించి ఒక్క ముక్క అడగలేదు. ముందు బీరు చెప్పండి, కథ ఆ తర్వాత.

నేను రెండేళ్లుగా సాయంత్రాలు ఏం చేస్తున్నానో మీకు తెలుసు కదా. ఎవరి సొత్తూ కాకుండా అందరూ కలిసి రాసుకునే ఆ ఉచిత సిస్టమ్‌లో కంప్యూటర్ తెర సర్దుకోవాలంటే పూర్వం మంత్రాల్లాంటి వరసలు టైపు చెయ్యాల్సి వచ్చేది. ఒక్క అక్షరం తప్పితే తెరంతా చీకటి. ఆ తప్పు దిద్దుకోవాలన్నా తెర కనిపించాలి. కొత్తవాళ్లు ఒక దండం పెట్టి పారిపోయేవారు. వాళ్లకోసం నాలుగు బొత్తాలు నొక్కితే చాలనిపించే ఒక పేజీ రాయాలని నా తపన.

రాసిన ప్రతి మాటా రాడ్కాకి చూపించాలి. ఆవిడ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది.

"'ప్రదర్శన భ్రమణం నూట ఎనభై డిగ్రీలు'. ఏంటిది, జాతకమా?"

"అంటే బొమ్మ తలకిందులవుతుందన్నమాట."

"ఆ ముక్కే రాసి ఏడవొచ్చుగా! మా అమ్మకి అర్థంకాని మాట ఒక్కటున్నా నేను ఒప్పుకోను."

అలా 'తల పైకి', 'తల కిందికి', 'రెండు తెరల్లో ఒకటే బొమ్మ', 'దేనిది దానికే' అని బొత్తాలు తయారయ్యాయి. 'తెర బాగాలేదా?' అని ఒక పెద్ద గుర్తు కూడా పెట్టించింది. నేను పట్టుబట్టి పెట్టింది మాత్రం ఒకటుంది. ఏ బొత్తం నొక్కినా తెర "ఇలాగే ఉంచనా?" అని అడుగుతుంది. పది లెక్కపెట్టేలోగా 'ఉంచు' అని నొక్కకపోతే, పొరపాటున నొక్కారనుకుని పాత పద్ధతికి తనే వెళ్లిపోతుంది. దాన్ని చూసుకుని నేనెంత మురిసిపోయానో చెప్పలేను. నా కొంప ముంచింది అదే.

పోయిన శనివారం మనవాళ్లకి స్వీడన్‌తో ఐస్ హాకీ సెమీఫైనల్. అదే శనివారం మా అత్తగారు వ్లాస్తా తోట ఇంటి కంచెకి రంగు వెయ్యమన్నారు. ఆవిడ బ్రెట్స్లవ్ స్టేషన్లో బళ్ల రాకపోకలు మైకులో చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు మైకు లేదు, దాని అవసరమూ లేదు.

"వానొచ్చేలోపు కంచె అయిపోవాలి, ఓతా!" అని ఫోన్లో అంటే, పక్క గదిలో పిల్లి లేచి కూర్చుంది.

ఆ తోట ఇంట్లో టీవీ లేదు. నేను బిగించి ఇచ్చిన పాత కంప్యూటర్ ఉంది. శనివారం నాలుగింటికి పక్కింటి నెయెడ్లీగారికి అత్తగారు తన లుహచోవిట్సే ఊటల ఊరి యాత్ర ఫోటోలు చూపించాలి. నెయెడ్లీ అంటే 'తిననివాడు' అని అర్థం. అత్తగారి తీపి రొట్టె, అదే కొలాచ్, వాసన తగిలితే ఆయనకి తన ఇంటిపేరు గుర్తుండదు. కానీ పింఛనుదార్ల క్లబ్బుకి ఆయనే పెద్ద. క్లబ్బు కంప్యూటర్లన్నిటిలో నా పేజీ పెట్టించాలని ఏడాదిగా ఆయన చుట్టూ తిరుగుతున్నాను. సొంతవాళ్లు కాక దాన్ని వాడబోయే మొదటి మనుషులు వాళ్లే.

నా పథకం మహా సులువు. అత్తగారి తెర తలకిందులు చెయ్యడం, రిపేరు పేరుతో గదిలో చేరడం, ఇంటినుంచి తెచ్చిన రెండో తెరని అదే కంప్యూటర్‌కి తగిలించి హాకీ పెట్టుకోవడం. ఫోటోలు ముందా, కంచె ముందా అంటే ఆవిడ ఫోటోలే అంటారు.

అత్తగారు వంటింట్లో, రాడ్కా తోటలో ఉన్న సమయం చూసి 'తల కిందికి' నొక్కాను. "ఇలాగే ఉంచనా?" అంది తెర. "ఉంచు తల్లీ" అని 'ఉంచు' నొక్కాను.

కాసేపటికి గది దద్దరిల్లింది.

"రాడ్కా! ఓతా! నా ఫోటోలు కాళ్లు పైకెత్తేశాయి!"

నేను రంగు డబ్బా కింద పెట్టి, పెద్ద డాక్టర్లా లోపలికొచ్చాను. తెర వెనక్కి వంగి చూశాను. నాలుక చప్పరించాను.

"సాయంత్రం దాకా పడుతుంది అత్తయ్యా."

"అదేమిటి? ఇలాంటివాటికే కదా నువ్వు బొత్తాలు పెట్టింది?" అంది రాడ్కా.

"ఇది మామూలు జబ్బు కాదు."

"మరి ఈ రెండో తెర ఎందుకు తెచ్చావ్?"

"పోల్చి చూసుకోవడానికి. ఇలాంటి కేసుల్లో తప్పదు."

అప్పుడే నెయెడ్లీగారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ముక్కు ఎగబీల్చారు. నాలుగింటికి రమ్మంటే మూడింటికే వచ్చేశారు.

"ఏం వ్లాస్తా, ఫోటోలు లేవా?"

"ఎక్కడి ఫోటోలు! మావాడు రెండేళ్లు రాశాడు, నాబోటి వాళ్లు కూడా తెర సర్దుకోవచ్చని. తీరా చూస్తే వాడికే చేతకావట్లేదు."

"అయ్యో, మరి మా క్లబ్బువాళ్లకేం అవుతుంది?" అని ఆయన కొలాచ్ అందుకున్నారు. "ఓతా, ఉన్నమాట చెప్పు. సులువా, కాదా?"

సులువంటే కంచె, కష్టమంటే రెండేళ్ల కష్టం గంగపాలు. రెండో తెరని వెనక్కి తిప్పి, అందులో చప్పుడు లేకుండా హాకీ పెట్టి ఉంచాను. అవతల మనవాళ్లు వరసగా నిలబడి జాతీయగీతం పాడుతున్నారు.

"పేజీ సులువే. కంప్యూటర్ ముసలిదైపోయింది," అన్నాను. "సెల్లార్లోంచి స్క్రూడ్రైవర్ తెస్తాను."

స్క్రూడ్రైవర్ బీరు సీసాల పక్కనే ఉంటుంది. అందుకని కొంచెం ఆలస్యమైంది.

తిరిగొచ్చేసరికి అత్తగారు కుర్చీలో కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. తెర మీద లుహచోవిట్సే ఊట బావి నిటారుగా నిలబడి ఉంది.

"ఎలా... ఎలా చేశారు అత్తయ్యా?"

"'తెర బాగాలేదా?' అని ఉంది. బాగాలేదు కదా, నొక్కాను. 'తల పైకి' అని ఉంది. అదీ నొక్కాను."

"అక్షరాలు తలకిందులు కదా!"

"మా స్టేషన్ మాస్టరు కాగితాలు తన వైపే పెట్టుకునేవాడు. నా ఉద్యోగమంతా తలకిందుల అక్షరాలే చదివాను."

"మౌస్ ఎదురు పోతుంది కదా!"

"అది ఎదురు పోతే దాన్నే తిప్పి పట్టుకున్నాను. ఇందులో ఏముందిరా?"

నెయెడ్లీగారు పంచదార అంటిన చేతులతో చప్పట్లు కొట్టారు. "వ్లాస్తాకే వచ్చిందంటే మావాళ్లందరికీ వస్తుంది. సోమవారం వచ్చి క్లబ్బులో పెట్టెయ్, ఓతా!"

నిజం చెబుతున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. రెండేళ్లలో నా పనిని ఎవరూ అలా మెచ్చుకోలేదు. ఆ ఆనందంలో హాకీ కూడా మరిచిపోయాను.

"ఇంకో బొత్తం కూడా ఉంది, నొక్కి చూడనా?" అని అత్తగారు 'రెండు తెరల్లో ఒకటే బొమ్మ' నొక్కేశారు. వెనక్కి తిప్పి ఉంచిన తెరలోని హాకీ అత్తగారి తెర మీదికి, అందరి ముందుకీ వచ్చింది. స్వీడన్ ఒక గోలు ముందుంది.



"పోల్చి చూసుకోవడానికా?" అంది రాడ్కా.

"అది... దానంతట అదే..."

"తెర కూడా దానంతట అదే తిరిగిందా?"

"అప్పుడప్పుడు జరుగుతుంటుంది."

"జరగదు. ఆ పేజీ నేను వందసార్లు చదివాను. 'ఉంచు' నొక్కకపోతే పదంకెల్లో అదే వెనక్కొచ్చేస్తుంది. ఎవరో కూర్చుని నొక్కాలి. అమ్మ వంటింట్లో ఉంది, నేను తోటలో ఉన్నాను. నెయెడ్లీగారు అప్పటికింకా వాసన పట్టలేదు."

నా ప్రశ్న నా మీదే సాక్ష్యం చెప్పింది. రంగు డబ్బా పట్టుకుని బయటికి నడిచాను.

కంచె మూడో పలక దగ్గర ఉండగా మనవాళ్లు సమం చేశారని రాడ్కా కేక వినిపించింది. కిటికీ దగ్గరికెళ్లి, "అత్తయ్యా, ఆ రెండో తెర కాస్త కిటికీలో పెడతారా? చేతులు ఆగవు, ఒట్టు" అని బతిమాలాను.

ఆవిడ మనసు వెన్న. తెచ్చి కిటికీలో, నా వైపు తిప్పి పెట్టారు. 'దేనిది దానికే' నొక్కారట, లోపల ఫోటోలు, నాకు హాకీ. చల్లగా ఉండండి అత్తయ్యా అనబోయాను. అంతలో స్వీడన్ వాళ్లూ మనవాళ్లూ కలిసి ఆకాశంలో వేలాడసాగారు.

"అత్తయ్యా! తలకిందులైంది!"

"దయచేసి వినండి!" అని లోపల్నుంచి స్టేషన్ గొంతు వినిపించింది. "'ఇలాగే ఉంచనా?' అని అడుగుతోంది. పది... తొమ్మిది..."

నేను కుంచె గాల్లో పట్టుకుని నిలబడిపోయాను. మరేం ఫర్వాలేదు, ముట్టుకోకపోతే చాలు, అదే వెనక్కొచ్చేస్తుంది. ఆ ఏర్పాటు చేసింది నేనే కదా. మోచేతిదాకా కారుతున్న రంగు కూడా తుడుచుకోలేదు.

"మూడు... రెండు..."

అత్తగారు కిటికీలోంచి నన్నొకసారి చూసి నవ్వారు. నవ్వుతూనే 'ఉంచు' నొక్కారు.

మ్యాచ్ ఎలా ఉందని నన్నడగకండి, మెడ నొప్పిగా ఉంది. సోమవారం క్లబ్బులో పెట్టి వచ్చాను. అందరికీ నచ్చింది. ఫిర్యాదు ఒక్కటే వచ్చింది, అదీ అత్తగారి దగ్గర్నుంచి. పదంకెలు మరీ తక్కువట, అల్లుడి మొహం తనివితీరా చూడటానికి చాలలేదట, ఇరవై చెయ్యమన్నారు.

చేశాను. వాడేవాళ్లు అడిగింది కాదంటే ఎలా?