నలభై రెండు వెబ్‌సైట్లు, ఒక అల్మారా

గ్రంథాలయంలో పుస్తకాలు ఉండకూడదు. ఉంటే జనం చదువుతారు!

నమ్మరా? చదవడం మరిగిన మనిషి కుర్చీ ఖాళీ చెయ్యడు. ఫ్యాను ఆపనివ్వడు. పైగా "దీని రెండో భాగం ఏదీ?" అని అడుగుతాడు. ఎలకలు తిన్న భాగాన్ని ఎవరు తెచ్చిపెడతారు? ఈ బాధలన్నీ ఒక్కసారిగా వదిలించుకున్న ఘనత నాందేడ్‌లో స్టేషన్ రోడ్డు పక్క గల్లీలో ఉన్న మన తెలుగు వాచనాలయానిది. వాచనాలయం అంటే లైబ్రరీయే. మహారాష్ట్రలో ఉంటున్నాం కనుక అలాగే పిలుచుకుంటాం.

రెండువేల మూడులో దసరా వెళ్లగానే అక్కడికి ఒక కంప్యూటర్ వచ్చింది. దాని వెనకే ఒక జాబితా కూడా వచ్చింది. "వాచనాలయం సిఫారసు చేస్తున్న నలభై రెండు ఉపయోగకరమైన వెబ్‌సైట్లు" అని దాని పేరు. తెలుగువాళ్ల కోసం తయారైంది కాబట్టి మొత్తం ఇంగ్లీషులో ఉంది! సెక్రటరీ నందకిషోర్ దగ్గరుండి రెండు వందల కాపీలు తీయించాడు.

నందకిషోర్‌కు గిన్నెల దుకాణం ఉంది. పదకొండేళ్లుగా ఆయనే సెక్రటరీ. ఏటా వార్షికోత్సవంలో "తెలుగు మన తల్లి" అంటూ కాగితం చూసి అరగంట మాట్లాడతాడు. ఆ కాగితాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వడు, మడిచి జేబులో పెట్టుకుంటాడు. గొప్పవాళ్లకు ఇలాంటి అలవాట్లు ఉంటాయి, మనం అనుమానించకూడదు.

గదిలో ప్లగ్గు ఒకటే. అది తెలుగు పుస్తకాల అల్మారా పక్కన ఉంది. అందుకని కంప్యూటర్ టేబుల్‌ను అల్మారాకు ఆనించి వేశారు. ఇక అల్మారా తలుపు తెరుచుకోదు. తెరవాల్సిన అవసరం ఏముంది? అన్నీ నెట్‌లో ఉన్నాయి కదా!

నిజంగానే ఉన్నాయి. ప్రపంచంలోని మ్యూజియంలు ఉన్నాయి. రామచందర్ కాక, అంటే అందరికీ చిన్నాన్న లాంటి పెద్దాయన, ఒకరోజు నాలుగింటికి ఒక విగ్రహం చూద్దామని కూర్చున్నాడు. ఐదింటికి కిరీటం వచ్చింది. ఐదున్నరకు నొసలు వచ్చింది. ముక్కు వస్తుందనగా కరెంటు పోయింది. ఆ విగ్రహం ఆడదో మగదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. చూశారా, కళలో రహస్యం మిగలాలంటే ఇదే దారి.

ఈత నేర్పే సైటు కూడా ఉంది. గోదావరి నడిచిపోయే దూరంలోనే ఉంది కానీ, అందులో దిగితే తడుస్తాం!

రామచందర్ కాక రైల్వేలో టికెట్లు ఇచ్చి ఇచ్చి రిటైరయిన మనిషి. రోజూ తెలుగు పేపరు కోసం వాచనాలయానికి వచ్చేవాడు. పేపర్లు నెట్‌లో దొరుకుతాయని జాబితాలో ఉంది కాబట్టి పేపరు ఆపేశారు. పాపం, వచ్చే అలవాటు ఆగలేదు. వచ్చి ఆ జాబితానే చదివేవాడు. చదివాక వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి చూసేవాడు. ఏమీ ఉండేది కాదు.

ఇక అసలు కథ. మన అనుసూయాబాయి కథ.

అనుసూయాబాయి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగు, అందరూ చదివింది మరాఠీ. ఆమెదీ మరాఠీ ఏడో తరగతి. అత్త పేరు గోదావరి. ఆవిడది సరిహద్దు అవతల బోధన్ వైపు ఊరు, ఆవిడకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. నలభై పెళ్లిపాటలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టి కన్నుమూసింది. ఇప్పుడు అనుసూయాబాయి కూతురు ప్రతీక్షకు పెళ్లి కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. అప్పగింతల పాట మొదటి రెండు చరణాల తర్వాత ఎవరికీ గుర్తు లేదు. ఆ ఇంటి ఆడపిల్ల ఎవరూ ఆ పాట వినకుండా గడప దాటలేదు. తన బిడ్డ ఒక్కతే సగం పాటతో దాటాలా? ఆ దిగులు ఆమెను తినేస్తోంది.

ఎవరితోనైనా చదివించుకోవచ్చు కదా అంటారు మీరు. ఆమెనూ అలాగే అడిగారు.

"ఒకలు చదివి చెప్తే ఒక్క పాట అస్తది. బుక్కుల నలభై ఉన్నయ్. నేనే నేర్సుకుంట" అంది.

వాచనాలయానికి వెళ్లి, "సెక్రటరీ సాబ్, అఆల పుస్తకం ఉన్నదా?" అని అడిగింది.

"అల్మారాల ఉన్నది అక్కా. గని అది ఎందుకు? ఇరవై ఏడో నంబరు చూడు!" అన్నాడు నందకిషోర్. ఇరవై ఏడో నంబరు ముప్ఫై రోజుల్లో తెలుగు నేర్పే సైటు. పది నిమిషాలకు పాఠం తెరుచుకుంది. తెర నిండా చిన్న చిన్న చదరాలు, వరస తర్వాత వరస.

అనుసూయాబాయి బోధన్ బస్సుల బోర్డుల మీద గుండ్రటి తెలుగు అక్షరాలు చూసి ఉన్న మనిషి. "తెలుగు అక్షరాలు గోల్ ఉంటయ్ గదా సాబ్? గివి చౌకోన్ ఎట్లయినయ్?"

నందకిషోర్ తెర వైపు ఒకసారి గంభీరంగా చూశాడు. "అది పాత తెలుగు అక్కా. గిది కంప్యూటర్ తెలుగు."

"అన్నీ ఒక్కతీరే ఉన్నయ్?"

"మొదటి పాఠం సులువుగనే ఉంటది."

పది రోజులు! పది రోజులపాటు ఆ తల్లి కుట్టుపని మానుకుని వచ్చి, నాలుగు గీతల నోటుబుక్కులో చదరాలు దిద్దింది. ఎంత బాగా దిద్దిందంటే, ఒక్కటీ వంకర పోలేదు. పదకొండో రోజు రామచందర్ కాక ఆ నోటుబుక్కు చూసి నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"బిడ్డా, దీంట్ల తెలుగు అక్షరాలు ఎక్కియ్యలే. అక్షరం లేని తాన ఖాళీ డబ్బా సూపెడ్తది. నువ్వు డబ్బాలు రాసినవు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవమానం ఒకటి, పోయిన పది రోజులు ఒకటి. కాకకు కోపం వచ్చింది. ఎవరిమీద చూపించాలో తోచక, టేబుల్ మీదున్న జాబితా కట్టలోంచి ఒక కాగితం లాగి, వెనక్కి తిప్పి, అరచేయంత "అ" రాశాడు.

"పట్టు. గోల్‌గ ఉన్నదా?"

"ఉన్నది కాకా" అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

ఇక చూడండి ఆ జాబితా మహిమ! అచ్చులు ఒక కాపీ వెనక, హల్లులు మూడు కాపీల వెనక, గుణింతాలు ముప్ఫై కాపీల వెనక. సంక్రాంతికి ఒత్తులు. శివరాత్రికి అత్త రాత పట్టుబడింది. జాబితాను రెండువైపులా అచ్చు వేయించి ఉంటే ఏమయ్యేది? చెప్పండి! నందకిషోర్ ముందుచూపును మెచ్చుకోకుండా ఉండగలమా?

వైశాఖంలో ప్రతీక్ష గడప దగ్గర నిలబడింది. అనుసూయాబాయి అత్త నోటుబుక్కు తెరిచి అప్పగింతల పాట మొదటినుంచి చివరిదాకా, పన్నెండు చరణాలూ పాడింది. మూడో చరణంలో బిడ్డకు జడ వేసిన చేతుల మాట ఉంది. అత్త పోయాక ఆ మాట ఎవరూ వినలేదు. అక్కడ ఆమె బిడ్డ జడ మీద చెయ్యి వేసింది. పాట ఆపలేదు. అందరూ ఏడ్చారు. రామచందర్ కాక అందరికంటే ఎక్కువ ఏడ్చాడు, ఒక ఒత్తు తప్పు పలికిందని చెబుతూనే.

ఆ ఏడు వార్షికోత్సవంలో నందకిషోర్ కాగితం చూసి ప్రకటించాడు: "మన వెబ్‌సైట్ల జాబితాతోటి ఒక అక్క తెలుగు నేర్చుకున్నది!" చప్పట్లు మోగాయి. అబద్ధమని ఎవరనగలరు?

మర్నాడు అనుసూయాబాయి వాచనాలయానికి వచ్చింది. నలభై పాటలూ అయిపోయాయి, ఇప్పుడు పుస్తకాలు కావాలి. టేబుల్ జరిపి అల్మారా తెరిపించమని తన చేత్తో, తెలుగులో, జన్మలో మొదటి దరఖాస్తు రాసి తెచ్చింది.

నందకిషోర్ అందుకుని చాలాసేపు చూశాడు. తల ఊపాడు. "చానా మంచిగ రాసినవు అక్కా. కమిటీల పెడ్త."

"నేను ఏం రాసిన సాబ్?"

నందకిషోర్ చెయ్యి జేబు మీదికి పోయింది. అందులో నిన్నటి ఉపన్యాసం మడత సగం బయటికి వచ్చి ఉంది. అనుసూయాబాయి చూడనే చూసింది. "తెలుగు మన తల్లి" అన్న మాట మరాఠీ అక్షరాల్లో ఉంది.

"గదే... వెబ్‌సైట్లు బాగున్నయని" అన్నాడు ఆయన, మెల్లగా.

చదరాలు ఆయనకు తెలుగులా ఎందుకు కనబడ్డాయో ఆమెకు అప్పుడు అర్థమైంది. నవ్వలేదు. కాక నవ్వబోయి ఆగిన పదకొండో రోజు ఆమెకు ఇంకా గుర్తుంది. ఒక కుర్చీ లాగింది. కట్టలో ఇంకా కాపీలు మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి, వెనక్కి తిప్పి, అరచేయంత "అ" రాసింది.

"కూసోండ్రి సాబ్" అంది. "మొదటి పాఠం సులువుగనే ఉంటది."