రిచర్డ్‌కు రాని రోగం

ఆ ఆదివారం ఉదయం ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని తమ రైల్వే క్వార్టర్లో దోర్కా వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి వెళ్ళాలి. ఎవరి సంగతులు వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడాలి. తమకు అప్పుందని, అది తన గొప్పల వల్లే అయిందని సంఘం ముందు ఒప్పుకోవాలి. ఇంటికొచ్చి చారు పెట్టుకోవాలి. ఆదివారం మటన్ మానేసి చాలా కాలమైంది కనుక వంట గురించి బెంగ లేదు.

ఆ అప్పుతో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో చాలామందికి సంబంధం ఉంది. తిన్నది వాళ్ళే. చర్చిలో ముందు వరసలో కూర్చునే ఎవాంజలిన్ తన పెళ్ళయిన పాతికేళ్ళకు రెండు వందల మందికి భోజనాలు పెట్టిందని, దోర్కా తన పాతికేళ్ళకు నాలుగు వందల మందికి బిర్యానీ పెట్టింది. పూల కమాను కట్టించింది. ఫోటోల కోసం కొత్త సోఫా కొంది. మొగుడు రిచర్డ్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ జీతానికి ఈ వైభవం అందదు కాబట్టి గోల్‌బజార్లో ఓ ఫైనాన్సు కంపెనీ దగ్గర లోను తీసుకున్నారు. వర్క్‌షాపులోనూ చర్చిలోనూ రిచర్డ్ పక్కనే ఉండే జాన్ పాల్ జామీను సంతకం పెట్టాడు. పెట్టినందుకు రెండు ప్లేట్లు తిన్నాడు.

అప్పటినుంచి దోర్కాకు కంటిమీద కునుకు లేదు. రిచర్డ్ ఆమెను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, తనూ తిరిగి ఓ పది అని తేలికపడేది. ఆ మహానుభావుడు నోరెత్తకుండా మోటార్‌సైకిల్ అమ్మి సైకిలెక్కాడు. సిగరెట్లు మానాడు, సాయంత్రం పూట వేడివేడి ఆలూచాప్ బజ్జీలు మానాడు. మనిషి సగమయ్యాడు.

"సెప్పీకపోతే నానింక బతకనేనండీ," అంది చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"సెప్పు. జాన్ పాల్ పేరు మట్టుకు తేకు. ఆడసలే పిరికోడు," అన్నాడు రిచర్డ్.

చర్చిలో దోర్కా లేచింది. "మా ఆయన..." అని మొదలుపెట్టింది. ముందు వరసలోంచి ఎవాంజలిన్ వెనక్కి తిరిగి చూసింది. ఆ మొహం చూడగానే దోర్కా అప్పు మాట మింగేసింది. "మా ఆయన కోసం ప్రార్థన సెయ్యండి," అని మాత్రం అని, భోరుమని ఏడ్చి కూలబడింది.

ఆ సంఘంలో ఓ ఆనవాయితీ ఉంది. జ్వరానికి, పరీక్షకు, ప్రమోషన్‌కు ప్రార్థన అడిగేవాళ్ళు కారణం చెప్పి అడుగుతారు. కారణం చెప్పకుండా ఏడిస్తే అది పేరెత్తకూడని రోగం. అడగడం మర్యాద కాదు, ఎవరికి వారు తెలుసుకోవాలి. అందరూ రిచర్డ్ వైపు చూశారు. జారిపోతున్న ప్యాంటు, లోతుకుపోయిన బుగ్గలు, అమ్మేసిన బండి. ఇంక తెలుసుకోవడానికేముంది?

మధ్యాహ్నానికి స్త్రీల సమాజం ఇంటికొచ్చేసింది. ఎవాంజలిన్ హార్లిక్స్ సీసా తెచ్చింది.

"వదినా, రోగం కాదు. మాకు అప్పున్నాది," అంది దోర్కా, ఎలాగో ధైర్యం కూడగట్టుకుని.

ఎవాంజలిన్ కళ్ళు తుడుచుకుంది. "ఉండదేటి మరి? వేలూరు ఆస్పత్రంటే మాటలా? రైలు టిక్కెట్లు, లాడ్జీ, టెస్టులు... నాకు తెలుసులే, దాసకు."

ప్రార్థనకొచ్చినవాళ్ళను టీ ఇవ్వకుండా పంపడం ఎక్కడా లేదు. ఆ రోజు మొదలు పొద్దునా సాయంత్రం ఇంటినిండా జనం. మోకాళ్ళ మీద ప్రార్థన, తర్వాత టీ, తర్వాత బిస్కట్లు, తర్వాత పోయినేడాది ఇదే రోగంతో ఎవరెవరు పోయారన్న వివరం. ఈ నెల కిస్తీకి దాచిన డబ్బు పాలలోనూ పంచదారలోనూ కరిగిపోయింది. వీధి చివర కిరాణా కొట్టు బెంగాలీ నంది బాబు అరువు ఆపేశాడు.

"బౌదీ, దాదా బాగుండాలి, ఠీక్ హై," అన్నాడు వచ్చిన తెలుగులో. "పాత బాకీ మాత్రం ఈ వారం ఇచ్చెయ్. మనిషి ప్రాణం ఎవరు చెప్పగలరు?"

జాన్ పాల్ మొదటి రోజే పాలిపోయిన మొహంతో వచ్చాడు. "అన్నా, డాక్టరు ఎన్నాళ్ళన్నాడు?"

"నాకేటీ నేదురా. అప్పురా నా బాధ."

"అప్పెవుళికి నేదు? అప్పుకి సెర్చిలో ఏడుస్తారేటి?" అని నమ్మకుండా వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు, ఈసారి బొప్పాయి పండుతో, వికసించిన మొహంతో. రిచర్డ్ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. "దేవుడి సిత్తం ఎలాగుంటే అలాగవుతాది. నువ్వేటీ బెంగెట్టుకోకు. ట్రీట్‌మెంట్లనీ ఆపరేషన్లనీ ఒళ్ళు హింస పెట్టుకోకన్నా." లేవబోతూ గొంతు తగ్గించాడు. "లోనుతో పాటు అంటగట్టినారు గదా, ఆ ఇన్సూరెన్సు. నాను రాత్రి సదివినాను. అప్పు తీసుకున్నోడు పోతే కంపెనీయే కట్టేసుకుంటాదట. జామీనోడికి ఏ బాధా నేదు. ఆ కాయితం జాగర్తగా ఉన్నాదా?"

ఉందని చెప్పాడు రిచర్డ్. ఇంకేం చెప్తాడు?

శనివారం సాయంత్రం పాస్టరు అయ్యగారే స్వయంగా వచ్చి, సంఘం పోగుచేసిన డబ్బు కవరు దోర్కా చేతిలో పెట్టారు. "వేలూరుకి ఆలస్యం చెయ్యకండమ్మా," అని ప్రార్థించి, టీ తాగి వెళ్ళారు. కవరు బరువుగా ఉంది. తెరిచి ఇద్దరూ రెండుసార్లు లెక్కపెట్టారు.

"మూడు కిస్తీలవుతాది," అన్నాడు చివరికి రిచర్డ్. "ఒలే, ఓ పని సేద్దాం. వేలూరెల్లి ఊరికే తిరిగొచ్చేద్దాం. తగ్గిపోనాదని సెప్పొచ్చు. ఆళ్ళ ప్రార్థన ఫలించినట్టూ ఉంటాది."

ఇన్నేళ్ళూ ఒకరి పైసా ఊరికే ముట్టని మనిషి నోట ఆ మాట విని దోర్కా కవరు మూసేసింది. తన బిర్యానీ చివరికి ఇతన్ని ఇక్కడికి తెచ్చింది.

"గొప్పకి పోయి ఇంటిని ముంచినాను," అంది. "మిమ్మల్ని దొంగని కూడా సెయ్యమంటారా?"

మర్నాడు చర్చిలో లేచి నిలబడింది. ఈసారి ఎవాంజలిన్ వైపు చూడలేదు. "మా ఆయనకి ఏ రోగమూ నేదు. మాకు అప్పున్నాది. మీరందరూ తిన్న బిర్యానీ అప్పు. ఎవాంజలిన్ వదిన కంటే గొప్పగా సెయ్యాలని నానే సేసినాను. తప్పు నాది. ఈ డబ్బు మాకొద్దు," అని గబగబా చెప్పేసి, కవరు తీసుకెళ్ళి అయ్యగారి ముందు బల్ల మీద పెట్టింది.

మనిషి బతికి బయటపడ్డాడంటే ఎవరైనా 'హల్లెలూయ' అంటారని మీరూ నేనూ అనుకుంటాం. ఒక్కరూ అనలేదు.

"అయితే మేం మోకాళ్ళరగదీసుకున్న ప్రార్థనలన్నీ ఏటయినట్టు?" అంది ఎవాంజలిన్.

"అన్నకి నిజంగా ఏటీ నేదా?" అన్నాడు జాన్ పాల్. అతని గొంతులో ఉన్నంత దుఃఖం ఆ వారమంతా ఎవరి గొంతులోనూ లేదు.

అయ్యగారు కవరు మళ్ళీ లెక్కపెట్టించారు.

ఆ రాత్రి దోర్కా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. ఎవరూ క్షమించలేదు గానీ, దాచడానికేమీ మిగల్లేదు. మర్నాటి నుంచి వాళ్ళింటి గడప ఎవరూ తొక్కలేదు. పుట్టినరోజులకు, గృహప్రతిష్ఠలకు, పెళ్ళిళ్ళకు పిలుపులు ఆగిపోయాయి. పిలుపు లేకపోతే గిఫ్టు కవరు లేదు, కొత్త చీర లేదు, టోటో రిక్షా కిరాయి లేదు. ఎదుటివాళ్ళ చీర చూసి కుళ్ళుకునే అవకాశమే లేకపోయింది. సోఫా అమ్మేశారు, కూర్చునేవాళ్ళు ఎటూ లేరు. ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చారన్నం తిన్నారు, మిగిలింది మిగిలినట్టు ఫైనాన్సుకు కట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి అప్పు తీరిపోయింది. నలుగురూ కలిసి ముంచినదాన్ని నలుగురూ వెలేసి ఒడ్డుకు చేర్చారు. కానీ అప్పు తీరిందన్న కబురు చెప్పుకోవడానికి దోర్కాకు ఒక్క మనిషి లేదు.

"సెర్చిలో సెప్తాను," అంది ఆ ఆదివారం.

"సెప్పకే. అప్పు తీరినాదని తెలిస్తే రేపే అందరూ అప్పుకొస్తారు," అన్నాడు రిచర్డ్.

"రానీండి. మనిషన్నోళ్ళు గుమ్మంలోకి వస్తారు గదా."

సాక్ష్యాల సమయం రాగానే దోర్కా లేచి నిలబడింది. ఆమెను చూసి అయ్యగారు కంగారుపడ్డారు. "అందరం లేచి పాట పాడుకుందాం," అన్నారు గబుక్కున. అందరూ లేచారు.

దోర్కా లేస్తే సంఘమంతా లేచి నిలబడటం రెండేళ్ళలో అదే మొదటిసారి.