వార్నింగులు లేని డీమన్

“ఈ రోజు నుంచి మన నీటి సరఫరా కార్యాలయం ఎవరి మీదా ఆధారపడదు. సొంత చేతులతో, సొంత మేధస్సుతో డీమన్‌ని నిర్మించుకుంటోంది!” అని మా డైరెక్టరుగారు మైకులో ప్రకటించారు.

డీమన్ అంటే ఏ భూతమో అని జడుసుకోకండి. కంప్యూటరులో తెర వెనక కూర్చుని, నెట్‌వర్కు మీద వచ్చే ఫిర్యాదులు అందుకుని సెక్షన్లకు పంచే ప్రోగ్రాము. కనబడకుండా పనిచేస్తుంది. కనబడుతూ పనిచేయని మా మధ్య అదో వింత. ఎవరో పుణ్యాత్ములు దాన్ని రాసి, సోర్సుతో, అంటే లైను లైనుగా రాసిన అసలు ప్రతితో సహా లోకానికి ఊరికే ఇచ్చేశారు. మా కాంట్రాక్టు ఇంజనీరమ్మ దాన్ని దించి, మా మిషనుకు సరిపడా సిద్ధం చేసింది. సొంత మేధస్సు అంటే అదీ. ప్రతిదానికీ సోర్సు చూడాలంటుందని ఆవిడకు సోర్సమ్మ అని పేరు పెట్టాం. ఆరేళ్లు ఎదురుచూశాక, ఆ నెలాఖరుకు ఆవిడ ఉద్యోగం పర్మనెంటు కావాల్సి ఉంది.

అతిథుల ముందు పెద్ద తెర పెట్టి డైరెక్టరుగారి చేత ఎంటర్ నొక్కించాం. బిల్డు, అంటే ఆ సోర్సును మిషను నడపగల ప్రోగ్రాముగా మార్చే పని, మొదలైంది. అక్షరాల మధ్య ‘వార్నింగ్’ అని ఒకటి, తర్వాత ఇంకొకటి, మొత్తం ఇరవై ఏడు వచ్చాయి. డైరెక్టరుగారి మొహం మాడిపోయింది. తన చేత్తో నొక్కితే వార్నింగులేమిటని నిలదీశారు.

ఇరవై ఆరింటితో ప్రమాదం లేదని సోర్సమ్మ నిదానంగా చెప్పింది. మిగిలినదొక్కటే చిక్కు. చిరునామాకు కేటాయించిన చోటు చిన్నది, పొడుగాటి చిరునామా వస్తే ప్రోగ్రాము కూలిపోతుంది. రెండు రోజులిస్తే సరిచేస్తానంది. అతిథులు రెండు రోజులు ఎలా కూర్చుంటారు? వార్నింగులు చూపించవద్దని, ఆ మార్చే పని చేసే కంపైలరుకు చెప్పే ఆప్షను ఒకటి ఉందని ఓ బుద్ధిమంతుడు కనిపెట్టాడు. రెండోసారి బిల్డు కడిగిన ముత్యంలా వచ్చింది. చప్పట్లు మోగాయి.

సోర్సమ్మ ఊరుకోలేదు. ఆ లోపాన్ని కాగితం మీద రాసి, ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే ఇన్వర్డు సెక్షనులో ఇచ్చింది. ఆ సెక్షను నాదే. ముద్ర వేసి తీసుకున్నాను.

పదకొండో రోజున ఎవరో ఇంటాయన తన ఇల్లు పాత గోదాము వెనక, నీలం గేటు పక్క సందులో, మెట్లెక్కి ఎడమ చేతికి తిరిగితే వస్తుందని చిరునామా గడిలో రాశాడు. డీమన్ కూలింది. మూడు రోజుల పాటు ఒక్క ఫిర్యాదూ రాలేదు. దాన్ని ‘సంపూర్ణ ప్రజాసంతృప్తి’ అని డైరెక్టరుగారు పైకి నివేదిక పంపారు. ఈలోగా పగిలిన గొట్టం ఒకటి వీధి వీధినంతా ముంచేసింది.

సోర్సమ్మ ఏ లైను దగ్గర కూలిందో చూపించే డీబగ్గరు పెట్టి అరగంటలో తేల్చింది. తను కాగితంలో రాసిన లైనే అది. విచారణ సంఘం కూర్చుంది. ఆవిడ నా ముద్ర ఉన్న నకలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది మీరు చదివారా?” అని అధ్యక్షుడు నన్ను అడిగాడు.

“లేదండి. ముద్ర మాత్రం వేశాను.”

“అయితే మీకేమీ తెలియదు. మీ తప్పు లేదు.” ఆయన ఆవిడ వైపు తిరిగాడు. “మీకు ముందే తెలుసా?”

“తెలుసు కాబట్టే రాసిచ్చాను సార్.”

“అంటే తెలిసీ జరగనిచ్చారన్నమాట.”

తెలిసినవాళ్లు మా ఆఫీసు మొత్తానికి ఆవిడ ఒక్కతే కాబట్టి తప్పు ఆవిడదే అయింది. పర్మనెంటు మాట దేవుడెరుగు, ఉన్న కాంట్రాక్టు ఊడింది. ఏ మచ్చా లేనివాణ్నని డీమన్‌ని నాకు అప్పగించారు.

వెళ్లేముందు సోర్సమ్మ నాకో చీటీ ఇచ్చింది. “ఒక్క లైను మార్చి మళ్లీ బిల్డు చేయించండి సార్. పాపం, జనానికి నీళ్లు రావాలి కదా,” అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ కాగితం నేను చదివాను. రెండుసార్లు చదివాను.

ఆ లైను ఇంకా మార్చలేదు. మారిస్తే నాకు తెలుసని తేలిపోతుంది. డీమన్ రోజూ కూలుతుంది, నేను రోజూ లేపుతాను. పర్మనెంటు ఉద్యోగిని, నాకు వేరే పనేముంది!