ఎనిమిది డిస్కులు కావాలి

ఆ సోమవారం పొద్దున్నే డేటాబేస్ గారు ఒక నిర్ణయానికొచ్చారు. రక్తపరీక్షల ల్యాబ్‌లో డేటాబేస్ చూసుకునే ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. రోగుల రిపోర్టులన్నీ దాచే సర్వర్ ముసలిదైపోయింది; పేరు కొట్టాక రిపోర్టు తెర మీదికొచ్చేలోగా రోగికి జ్వరం తగ్గిపోతోంది. దానికి కొత్త డిస్కులు పెట్టించి, ఆ వెంటనే రెండు రోజులు సెలవు తీసుకుని బావమరిది పెళ్లికి వెళ్లాలి. ముందురోజు ప్రయాణం, మర్నాడు పెళ్లి.

"ఈసారి కూడా సర్వర్ అని వంక పెట్టారో, మా తమ్ముడి పెళ్లి ఫొటోల్లో మీ బదులు దాన్నే నిలబెడతాను," అంది భార్య, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

ఆయన లెక్క పక్కాగానే ఉంది. చిన్నవైనా వేగంగా పనిచేసే డిస్కులు ఎనిమిది చాలు. జంటలుగా పెడితే, ఒకటి చెడిపోయినా దాని జోడీలో రిపోర్టులు భద్రంగా ఉంటాయి. కానీ కాగితం మీద మాత్రం పదహారని రాశారు. మొన్న రిటైరైన డైరెక్టరు ఏ కాగితమొచ్చినా కళ్లు మూసుకుని సగం కోసేవారు మరి. ఆ ల్యాబ్‌లో ఎనిమిది కావాలని ఎనిమిదే రాసేవాడంత వెర్రిబాగులవాడు ఇంకొకడుండడు.

సెక్షన్ హెడ్ కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఇన్నెందుకయ్యా? పెద్దది ఒక్కటి కొంటే పోదా?"

"ఆ ఒక్కటీ పోతే అందరి రిపోర్టులూ పోతాయండీ."

"అమ్మో!" అని హడలిపోయి, పైన ఎలాగూ కోస్తారని పదహారుని ముప్పై రెండు చేశాడు. కొనుగోళ్ల అధికారి కూడా అచ్చం అలాగే ఆలోచించి అరవై నాలుగు చేశాడు. ఎవరూ ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు.

కొత్తగా వచ్చిన డైరెక్టరు మేడమ్ మాత్రం కోయలేదు. రోగుల పని కదా అని ఉన్నదున్నట్టు మంజూరు చేసేశారు.

అరవై నాలుగు డిస్కులూ దిగాయి. సర్వర్‌లో పట్టేవి ఎనిమిది. మిగతావి బిగించడానికి పెట్టెలు ఏడు కావాలి. కొనుగోళ్ల అధికారి అలవాటు కొద్దీ పద్నాలుగని రాశాడు, పద్నాలుగూ వచ్చాయి. వాటికి చోటు లేక భోజనాల గది ఖాళీ చేయించారు. జనం మెట్ల మీద కూర్చుని, గొణుక్కుంటూ తిన్నారు. పెట్టెలు వేడెక్కకుండా ఏసీలు రెండు కావాలంటే నాలుగొచ్చాయి. అన్నీ ఒక్కసారి ఆన్ చేసేసరికి ల్యాబ్ మొత్తం కరెంటు పోయింది.

మేడమ్ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వచ్చారు. "అసలు మీకు కావలసినవి ఎన్నండీ?"

"ఎనిమిది, మేడమ్," అని డేటాబేస్ గారు సగం కోతల కథంతా చెప్పేశారు.

"అంటే ఇక్కడ ఎవరేమడిగినా అందులో సగమే నిజమన్నమాట," అన్నారావిడ నింపాదిగా. "మిగతా సరుకంతా వెనక్కి పంపేయండి."

ఉద్యోగం ఊడనందుకు ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎనిమిది డిస్కులతో సర్వర్ పరుగందుకుంది. పేరు కొట్టీ కొట్టగానే రిపోర్టు వచ్చేస్తోంది. ఇక జన్మలో దొంగ లెక్కలు రాయకూడదని ఒట్టేసుకుని, ఆయన సెలవు చీటీలో నిజాయితీగా 'రెండు రోజులు' అని రాసి పంపారు.

సాయంత్రానికి చీటీ తిరిగొచ్చింది. మేడమ్ రెండు కొట్టేసి, ఒకటి వేసి, సంతకం పెట్టారు.

"నాలుగని రాయొద్దూ! ఇన్నేళ్ల సర్వీసు దేనికండీ?" అని భార్య నెత్తి కొట్టుకుంది.

పెళ్లి ఆల్బమ్‌లో ఆయన ఫొటో ఒకటుంది; వెనకాల కనిపించేది పందిరి కాదు, పెళ్లివారి ఊరి రైల్వే స్టేషన్.